వ్యక్తిగత వైద్యము – విద్యార్థుల సంఘములు

పాశ్చాత్య విశ్వవిద్యాలయములలో విద్యార్థులు తమంతట తాము నడుపుకొను సంఘములు చాలా ఉన్నవి. నాటకములకు, చదరంగమునకు, పర్వతారోహణమునకు సంఘములు ఉన్నట్లే, ఇటీవలి కాలములో ‘వ్యక్తిగత వైద్యము’ పేరుతో కూడ సంఘములు వెలసినవి. వైద్యవిద్యార్థులేగాక జీవశాస్త్రము, గణితము, న్యాయశాస్త్రము చదువువారు సైతము ఇందులో చేరుతున్నారు. ఉపన్యాసకులను పిలుచుట, వాదప్రతివాదములు జరుపుట, చిన్న వ్యాసములు ప్రకటించుట వీరి పని. పరీక్షల కొరకు గాక తెలిసికొనవలెనను కోరికతో చేయు పని కనుక దీనిని మెచ్చుకొనవలసినదే.

అనంతపురము జిల్లా బుక్కరాయసముద్రము మండలములోని జంతలూరు వద్ద, 2018లో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయమునకు ప్రాంగణము లేచినది. చుట్టును వేరుసెనగ చేలు, వానకెదురుచూచు చెరువులు. ఇటువంటి సంఘము రేపు ఇక్కడను పుట్టవచ్చును, పుట్టవలెను కూడ. కాని అది పాశ్చాత్య సంఘముల అచ్చులో పోసిన బొమ్మగా ఉండునా, ఈ నేల ప్రశ్నలతో మొదలగునా అన్నది చూడవలసి ఉన్నది.

విద్యార్థి సంఘములతో బుక్కరాయసముద్రమునకు ఒక పాత సంబంధము లేకపోలేదు. చెరువుకట్ట తెగబోయినప్పుడు ఊరి కొరకు ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ ఈ ఊరిదే. 1899 ప్రాంతమున మద్రాసు క్రైస్తవ కళాశాలలో విద్యార్థిగా ఉన్న కట్టమంచి రామలింగారెడ్డి గారు, ఆ కళాశాలలోని ఆంధ్ర భాషాభిరంజని సమాజము పెట్టిన పోటీ కొరకు ఆ కథను ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగా వ్రాశారు. కావ్యమునకు రూపము కొత్తది, వస్తువు మాత్రము స్థానికమైనది. విజ్ఞానమునకు సంబంధించిన సంఘమునకు కూడ ఈ పద్ధతి పనికివచ్చును.

అసలు చిక్కు పేరులోనే ఉన్నది. ‘వ్యక్తిగత వైద్యము’ అనగానే, ఒక్కొక్కరి శరీరమునకు కొలతలు తీసి దర్జీ చొక్కా కుట్టినట్లు మందు తయారగునని వినువాడు అనుకొనును. ఇప్పుడు నిజముగా జరుగుతున్న దానిలో ఎక్కువ భాగము అట్టిది కాదు. అది అంగడిలో చిన్నది, నడిమిది, పెద్దది అని అమ్ము చొక్కా వంటిది. రక్తమార్పిడిని చూడండి. 1901లో లాండ్‌స్టైనర్ రక్తవర్గములను ప్రకటించిన తరువాత, ఎవరి రక్తము ఎవరికి సరిపడునో చూచి ఎక్కించుట సాధ్యమైనది. ఇంతకంటె వ్యక్తిని చూచి చేయు వైద్యమేమున్నది? అయినను అందులో జరుగునది మనుష్యులను కొన్ని వర్గములుగా విభజించుటయే. జన్యువులను బట్టి మందు ఎన్నుకొనుట కూడ చాలవరకు ఇదే తీరు. 2025లో ఫిలడెల్ఫియాలో ఒకే ఒక శిశువు కొరకు జన్యుసవరణ చికిత్స తయారు చేసిన మాట నిజమే. అది మహత్తరమైన కృషి. కాని అట్టి అపూర్వ సంఘటన పేరు చెప్పి, సామాన్యమైన పరీక్షలను అమ్మువారి విషయములో విద్యార్థులు మేలుకొని ఉండవలెను.

ఇది నిన్న మొన్న పుట్టిన భావమనుట కూడ పొరపాటు. 1902లోనే ఆర్చిబాల్డ్ గారాడ్ మనుష్యుల రసాయన ప్రకృతిలో వ్యక్తిభేదములున్నవని చెప్పెను. 1959లో ఫోగెల్ ‘ఔషధ జన్యుశాస్త్రము’ అను పేరు పెట్టెను. (మరికొందరు చరకుని వాతపిత్తకఫ ప్రకృతులను చూపి, ఇదంతయు మనవారికి ముందే తెలియునందురు. మనిషికొక ప్రకృతి ఉన్నదను ఊహ గొప్పదే. ఊహకును, ఒక ఎన్‌జైమును కొలిచి నిరూపించుటకును నడుమ చాలా దూరమున్నది.)

సంఘములలో తరచు వినిపించు ఆశలకు మచ్చుతునక ఒకటి కలదు. మానవ జన్యుక్రమ పథకమునకు నాయకుడైన ఫ్రాన్సిస్ కాలిన్స్ 1999లో ఒక ఉపన్యాసములో, 2010 నాటి వైద్యము ఎట్లుండునో ఊహించి చెప్పెను. అందులో 23 ఏండ్ల పట్టభద్రుడొకడు వైద్యుని వద్దకు పోవును. అతనికి కొలెస్టిరాల్ ఎక్కువ. సిగరెట్లు కాల్చు అలవాటున్నది. అతనికి పదిహేను జన్యుపరీక్షలు చేసి, ఏ జబ్బు వచ్చు అవకాశమెంతో లెక్కగట్టి చెప్పుదురు. యువకుడు సిగరెట్లు మానుటకు పూనుకొనును. కథ బాగున్నది. కాని సిగరెట్లు మానుమని చెప్పుటకు పదిహేను పరీక్షలెందుకు? పరీక్షలేవియు లేకుండ కూడ ఆ సలహా అదే. పోనీ, జన్యువుల లెక్క వినిన వాడు భయముతోనైన మానునా? 2016లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రకటించిన సమీక్ష అనేక పరిశోధనలను కలిపి చూచి, జన్యు ప్రమాదమును తెలియజెప్పుట వలన అలవాట్లు మారినట్లు ఆధారము లేదని తేల్చెను.

కనుక విద్యార్థి సంఘము ప్రతి ఉపన్యాసకుని అడుగవలసిన ప్రశ్న ఇది: పరీక్ష జవాబు ఏదైనను, దాని వలన వైద్యుడు చేయు పని మారునా?

మారు సందర్భము తెలుగునాటనే ఉన్నది. శస్త్రచికిత్స సమయములో కండరములను వదులు చేయుటకు సక్సమిథోనియము అను మందు వాడుతారు. రక్తములోని బ్యుటైరిల్ కోలినెస్టిరేసు అను ఎన్‌జైము దానిని కొద్ది నిమిషములలో విరిచివేయును. ఈ ఎన్‌జైము లోపించిన వారిలో మందు గంటల తరబడి నిలిచి, ఊపిరి తీయు కండరములు కూడ కదలవు. కృత్రిమ శ్వాస కల్పింపకున్న ప్రాణాపాయము. ఈ లోపము ఆర్యవైశ్యులలో ఇతరులలో కంటె చాలా హెచ్చు. వారు శతాబ్దముల తరబడి తమలో తామే వివాహములు చేసికొనుట దీనికి కారణము. ఎప్పుడో కొద్దిమంది పూర్వులలో ఉన్న జన్యుమార్పు వంశములో నిలిచిపోయినది. హైదరాబాదులోని సి.సి.ఎమ్.బి. శాస్త్రజ్ఞుడు తంగరాజ్, అమెరికా శాస్త్రజ్ఞుడు రైక్ మొదలగువారు 2017లో ప్రకటించిన పరిశోధనలో, దక్షిణాసియాలో ఇట్టి చరిత్ర గట్టిగా కనబడు సమూహములు 81 ఉన్నవని, వాటిలో 14 సమూహముల జనసంఖ్య పది లక్షలు దాటినదని చూపినారు. అనగా ఇది ఒక కులము లోపము కాదు. ఏ గుంపు తలుపులు మూసికొనునో ఆ గుంపులో ఏదో ఒక లోపము పోగుపడును.

ఇచ్చట పరీక్ష జవాబు వైద్యుని చేతిలోని సూదిమందును మార్చును. ఆ పరీక్షకు జన్యుక్రమమంతయు చదువనక్కర లేదు. రక్తములో ఎన్‌జైము శక్తిని కొలిచిన చాలును. అయితే కులము పేరు అడిగి ఊరకుండుట ఎంతమాత్రము కూడదు. ఆ సముదాయములో చాలమందికి లోపము లేదు; ఇతరులలో కొందరికి ఉన్నది. కుటుంబములో ఎవరికైనను మత్తుమందు తరువాత ఊపిరి తిరిగి రావుటకు ఆలస్యమైనదా అను ప్రశ్న, కులమును గూర్చిన ప్రశ్న కంటె మేలైనది. వ్యక్తిని చూడవలెనని బయలుదేరిన శాస్త్రము మనిషిపై కులపు చీటీ అంటించి తృప్తిపడినచో, దాని పేరుకే అర్థము లేకుండ పోవును. పాశ్చాత్య సంఘముల చర్చలలో ఈ ప్రమాదము ఇంత సూటిగా రాదు. ఇక్కడి సంఘము దీనిని తప్పించుకొనలేదు.

వ్యక్తిభేదము తెలిసియు, ఒక్కొక్కరిని పరీక్షింపకుండగనే పని జరిగిన ఉదాహరణ ఇంకను విలువైనది. 1956లో మద్రాసులో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము ఏర్పడినది. పేద రోగులను శానిటోరియములో ఉంచి ఇచ్చు చికిత్సకును, ఇంటి వద్ద ఇచ్చు చికిత్సకును ఫలితములో చెప్పుకోదగిన భేదము లేదని 1959లో లోకమునకు చాటినది ఈ కేంద్రమే. అక్కడ వాడిన ముఖ్యమైన మందు ఐసోనియాజిడ్. కొందరి కాలేయము దీనిని వేగముగా నిర్వీర్యము చేయును, కొందరిది నెమ్మదిగా. దక్షిణ భారత రోగులలో ఈ భేదమును కొలిచి 1961లో ప్రకటించినారు. సగము కంటె ఎక్కువమంది నెమ్మది వర్గమువారు.

ఇక అందరికి వేరు వేరు మోతాదులు ఇవ్వవలెను కదా అనిపించును. అట్లు చేయలేదు. ప్రతిదినము మందు తీసికొను పద్ధతిలో ఈ భేదము ఫలితమును పెద్దగా మార్చదని తెలిసినది. వారమునకొక్కసారి ఇచ్చు పద్ధతులలో మాత్రము వేగముగా నిర్వీర్యము చేయువారు వెనుకబడినారు. ఎక్కువ మోతాదులలో నెమ్మది వర్గమువారికి నరముల తిమ్మిరి కలుగు భయము హెచ్చు. దానిని కొద్దిపాటి బి6 విటమినుతో నివారింపవచ్చును. మనిషి మనిషినీ పరీక్షించుటకు బదులు, భేదము బాధింపని పద్ధతిని ఎన్నుకొన్నారన్న మాట. ఇది వ్యక్తిగత వైద్యమునకు ఓటమి కాదు. భేదమును అర్థము చేసికొన్నందువలననే అందరికి సరిపడు చికిత్స చిక్కినది.

అనంతపురము జిల్లాలో అనేక గ్రామముల బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. ఒకే నీరు త్రాగినవారిలో కూడ ఎముకలు, పండ్లు ఒకే తీరుగా చెడవు. అందులో జన్యువుల పాత్ర కొంత ఉండవచ్చును. అయినను మందు ఒక్కటే: మంచినీటి గొట్టము. దీనిని జన్యుపరీక్షతో మొదలుపెట్టు సంఘమును చూచి ఊరివారు నవ్వినచో తప్పు వారిది కాదు.

2020లో మొదలైన జీనోమ్ ఇండియా పథకము పదివేల మంది భారతీయుల జన్యుక్రమములను సేకరించి, 2025లో పరిశోధకులకు అందుబాటులోనికి తెచ్చినది. ప్రపంచమున జరిగిన జన్యుపరిశోధనలలో అధికభాగము యూరపు సంతతివారిపై జరిగినవే కనుక దీని అవసరము పెద్దది. విద్యార్థులు దీనిని గూర్చి చర్చింపవలసినదే. అయితే జంతలూరు సంఘము మొదటి సభకు ఇంతకంటె సులభమైన విషయము ఉన్నది. ఐసోనియాజిడ్‌ను గూర్చిన మద్రాసు పత్రము ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వెలువడినది. దానిని ఇప్పుడు ఎవరైనను అంతర్జాలములో ఉచితముగా చదువవచ్చును. పదవ తరగతి వారిని కూడ పిలిచి, అందులోని పట్టికలను నల్లబల్లపై తెలుగులో వివరించుటకు ఒక సాయంకాలము చాలును.