కానరాని కణమునకు కాటా

పరమాణు కేంద్రకమును శోధింపబూనిన వానికి ఎలక్ట్రానుకంటె బలహీనమైన పనిముట్టు దొరకదు. దానికంటె నమ్మదగిన పనిముట్టును దొరకదని నా చిరకాలపు అభిప్రాయము. పయానులు, కేయానులు మున్నగు మెసానులను కేంద్రకముపై ప్రయోగించినప్పుడు, అవి అందలి ప్రోటానులతోను న్యూట్రానులతోను ప్రచండముగా తలపడి, అడిగినదియు అడుగనిదియు ఏకరువు పెట్టుటచే, ఏ మాట ఎవరిదో విడదీయుటకే శాస్త్రజ్ఞుని శ్రమ సగము వ్యయమగును. ఎలక్ట్రాను అట్టిది కాదు. అది తన విద్యుదావేశము మూలమున ఒక ఫోటానును పంపి కేంద్రకమును మెల్లగా తట్టును. ఆ తట్టుటలోని నియమములు క్వాంటం విద్యుద్గతిశాస్త్రము పుణ్యమా అని మనకు ఎన్నో దశాంశముల వరకు తెలిసియున్నవి. కావున ఫలితములో అంతుబట్టనిది ఏదైన పొడసూపినచో ఆ గుట్టు కేంద్రకమునదే యని ధైర్యముగా చెప్పవచ్చును. ఈ సౌలభ్యమునకు చెల్లింపవలసిన మూల్యమును స్వల్పము కాదు: కేయాను పుంజముతో విచిత్రకణమును కేంద్రకమునందు పుట్టించుటకు గల అవకాశముతో పోల్చినచో, ఎలక్ట్రాను పుంజముతో పుట్టించుటకు గల అవకాశము వేయింట ఒక వంతునకు మించదు.

తుళ్లూరు వీధి అరుగుపై కూర్చుండి విచిత్రకణముల ప్రసంగమేమని పాఠకులు అడుగవచ్చును. ప్రత్తియు మిరపయు పండిన ఈ నేలపై రాజధాని పేరిట కట్టడములు లేచిన పిదప, నీరుకొండలోను ఐనవోలులోను వెలసిన విశ్వవిద్యాలయముల నుండి భౌతికశాస్త్రమునందు అభిరుచి గల కొందరు పిల్లలు సాయంకాలములందు నా యొద్దకు వచ్చుచుందురు. జీవితమంతయు కళాశాల ప్రయోగశాలలో గైగరు గొట్టముల లెక్కలు వ్రాయించిన నాకు వారితో ముచ్చటించుట ఒక వ్యసనము. ఈ వారము వారితో సాగిన ప్రసంగమే ఈ వ్యాసమునకు మూలము.

విచిత్రకణములను మొదట చూచినవారు మాంచెస్టరు విశ్వవిద్యాలయములోని జార్జి రోచెస్టరు, క్లిఫర్డు బట్లరు. విశ్వకిరణముల కొరకు వారు నిలిపిన మేఘపేటికలో 1946 అక్టోబరు 15న తీసిన ఛాయాచిత్రములో, ఏ జాడయు లేని చోటనుండి రెండు జాడలు పంగలకఱ్ఱవలె చీలి బయలుదేరినవి. 1947 మే 23న తీసిన మరియొక చిత్రములో తిన్నగా పోవుచున్న జాడ హఠాత్తుగా వంగినది. ఆ సంవత్సరము డిసెంబరులో 'నేచర్' పత్రికలో ఈ రెండు చిత్రములును వెలువడినవి. 1950లో మెల్‌బోర్నులో హాపరును, మన దేశీయుడైన బిశ్వాసును ప్రోటానుకంటె బరువైన మరియొక కణమును కనుగొనిరి. దానికే పిదప లాంబ్డా యను పేరు స్థిరపడినది. వీని ప్రవర్తన విడ్డూరమైనది. పుట్టుట క్షణకాలములో, కేంద్రకబలముల వేగముతో, సమృద్ధిగా జరుగును. చచ్చుట మాత్రము ఆ లెక్కన యుగములు పట్టును. లాంబ్డా ఆయుర్దాయము సెకండులో వేయికోట్ల వంతులు రెండున్నర మాత్రమే యైనను, పుట్టిన వేగముతో చావవలసినదైనచో అది అంతకంటె లక్షలకోట్ల రెట్లు ముందే గతించియుండవలెను. ఈ కణములు ఒంటరిగా పుట్టక జంటలుగా పుట్టునని పైస్ ఊహింపగా, 1953లో గెల్‌మాను, నిషిజిమాలు వేర్వేరుగా ఈ కణములకు 'విచిత్రత' అను నొక గుణమును ఆరోపించి, పుట్టునప్పుడు దాని మొత్తము మారదనియు, చచ్చునప్పుడు మాత్రమే ఆ కట్టుబాటు సడలుననియు తేల్చిరి. కావున ఫోటానుతో ప్రోటానునుండి లాంబ్డాను పుట్టింపదలచినవాడు దాని తోబుట్టువగు ధనకేయానునుగూడ పుట్టింపక తప్పదు. మన కథ కంతకును ఈ తోబుట్టువే సాక్షి.

ఫోటానుతో ఈ జంటను పుట్టించుటకు ఎంత శక్తి కావలయునను ప్రశ్నయందు నా విద్యార్థులు సాధారణముగ తడబడుదురు. లాంబ్డా ద్రవ్యరాశి సుమారు 1116, కేయానుది 494. రెండును కలిపి, అందుండి లక్ష్యముగా నున్న ప్రోటాను ద్రవ్యరాశియగు 938ని తీసివైచినచో దాదాపు 671 మెగా ఎలక్ట్రాను వోల్టులు మిగులును గదా, అంత చాలునని వారందురు. చాలదు. వచ్చిన ఫోటాను తన ద్రవ్యవేగమునుగూడ అప్పగించి పోవును. ఆ ద్రవ్యవేగమును మోసికొనుచు పుట్టిన జంట ముందునకు కదలియే తీరవలెను. ఆ కదలికకు అగు ఖర్చునుగూడ చేర్చినచో లెక్క 911 మెగా ఎలక్ట్రాను వోల్టులకు చేరును. 1950 దశకము ఉత్తరార్ధమున కాలిఫోర్నియాలోని కాల్‌టెక్, న్యూయార్కు రాష్ట్రములోని కార్నెల్ సంస్థల సింక్రోట్రానులు ఆ గడప దాటిన వెంటనే ఫోటానులతో కేయానులను పుట్టించు ప్రయోగములు మొదలైనవి. దొరికిన కేయానులు బహు కొద్ది. ఎలక్ట్రానులు తెరలు తెరలుగా వచ్చు ఆనాటి యంత్రములలో అంతకు మించి ఆశించుటయు అన్యాయమే.

ఈ విద్యకు మన తెలుగుదేశమునకు గల సంబంధమును తలచినప్పుడెల్ల నాకు స్వామి జ్ఞానానంద గుర్తుకు వచ్చును. 1896లో భీమవరము చెంతనున్న గొరగనమూడిలో భూపతిరాజువారింట జన్మించి, సన్యసించి, హిమాలయములలో యోగసాధన గావించి, పిదప ఐరోపాకు పోయి ప్రాగ్ నగరములో దొలెషెక్ ఆచార్యుని యొద్ద ఎక్స్ కిరణముల వర్ణపటములను, లివర్‌పూలులో న్యూట్రానును కనుగొన్న చాడ్విక్ యొద్ద బీటా కిరణముల వర్ణపటములను అధ్యయనము చేసిన ఆ కాషాయాంబరధారి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున కేంద్రక భౌతికశాస్త్ర శాఖకు ఆద్యుడు. విచిత్రకణములతో ఆయనకు పని లేదు. కాని ఆయన చేసిన పనికి నేను చెప్పబోవు పనికి గల బంధుత్వము దగ్గరిది: అయస్కాంత క్షేత్రములో ఎలక్ట్రాను ఎంత వంగినదో కొలిచి, దాని ద్రవ్యవేగమును చెప్పుటయే బీటా వర్ణపటమాపకము చేయు పని. నేడు వర్జీనియాలో ఇంటిని మించిన ఎత్తున నిలిచియున్న అయస్కాంతములును అదే పని చేయుచున్నవి. 1947లో న్యూయార్కున అచ్చయిన ఆయన 'హై వాక్యువా' అను గ్రంథము గాలిని తోడివేయు విద్యను గూర్చినది. గాలి మిగిలిన గొట్టములో ఎలక్ట్రాను పుంజము నిలువదని తెలిసినవారికి ఆ విషయము ఏల ఎన్నుకొన్నాడో వేరుగా చెప్పనక్కర లేదు.

వర్జీనియా అన్నాను గదా. అచటి న్యూపోర్టు న్యూస్ నగరములో నున్న జెఫర్సన్ ప్రయోగశాలయే నేడు ఈ విద్యకు ప్రధానపీఠము. నేల అడుగున సొరంగములో రెండు తిన్నని బారులు, వానిని కలుపుచు రెండు వంపులు; ఆ బారులలో నయోబియము లోహముతో చేసిన బోలు గిన్నెలు ద్రవ హీలియములో మునిగి −271 డిగ్రీల చలిలో నుండును. ఆ చలిలో నయోబియము విద్యుత్తునకు నిరోధము చూపుట మానును గనుక, గిన్నెలలోని విద్యుత్ క్షేత్రము ఆగక ఊగుచు ఎలక్ట్రానులను నిరంతరముగా తోయుచుండును. ఈ గిన్నెలను పలుచని రేకులకు బదులు పెద్ద పెద్ద స్ఫటికములు గల నయోబియము దిమ్మెల నుండి కోసి చేయవచ్చునని 2004–05 ప్రాంతమున నిరూపించిన బృందములో గణపతి మైనేని యొకరు. ఆ యింటిపేరును గూర్చి కృష్ణా గుంటూరు మండలముల వారికి నేను పరిచయము చేయనక్కర లేదు. 1995లో ప్రయోగములు ఆరంభమైన ఈ యంత్రము మొదట 4, పిదప 6, నేడు 12 గిగా ఎలక్ట్రాను వోల్టుల శక్తిని అందుకొన్నది. తెరలు తెరలుగా వచ్చు పూర్వపు యంత్రములకును దీనికిని గల భేదమే ఈ కథలో కీలకము: ఎలక్ట్రానులు ధారవలె ఎడతెగక వచ్చినప్పుడే, ఒకే ఘటనలో పుట్టిన రెండు కణములను వేర్వేరు శోధకములలో పట్టి, ఇవి కవలలని గుర్తింపవచ్చును.

ఫోటాను పుంజము కావలసినప్పుడు ఎలక్ట్రానులను పలుచని వజ్రపు రేకు గుండ నడిపింతురు. రేకులో బెదరిన ఎలక్ట్రాను ఒక ఫోటానును విడిచి, శక్తి తగ్గి, అయస్కాంతములో మామూలుకంటె ఎక్కువగా వంగును. వంపును కొలిచి మిగిలిన శక్తిని తెలిసికొందురు. బయలుదేరినప్పటి శక్తి ముందే తెలియును. రెంటి భేదము ఫోటాను శక్తి. అటుపిమ్మట ఆ ఫోటాను ద్రవ హైడ్రోజనులోని ప్రోటానును తాకి కేయానును లాంబ్డాను పుట్టించును. లాంబ్డాకు ఆవేశము లేదు. శోధకములో జాడ వేయదు. కేయాను ఒక్కటి పట్టుబడినచో చాలును. వచ్చిన శక్తి ద్రవ్యవేగముల నుండి కేయాను తీసికొనిపోయినవానిని తగ్గించగా మిగిలినదానిని ద్రవ్యరాశిగా మార్చిన యెడల, లక్షల ఘటనల లెక్కలో 1116 దగ్గర నిటారైన శిఖరము లేచి నిలుచును. చూడని లాంబ్డాను ఇట్లు తూచుదురు.

ఈ ముచ్చట జరుగుచుండగా మా ప్రక్కింటి మిరప రైతు అరుగు దిగువన నిలిచి వినుచుండెను. "కనపడనిదాన్ని కాటా ఎట్టా ఏస్తారు మాస్టారూ?" అని అడిగి, నేను నోరు తెరవకమునుపే తానే జవాబు చెప్పినాడు: "పండుకాయ కల్లంలో పోసేటప్పుడు తూకం ఏస్తాం, ఎండినాక టిక్కీలకెత్తేటప్పుడు తూకం ఏస్తాం. మధ్యలో గాలికిపోయిన నీళ్ల బరువు ఎంతో తెలవదా ఏంటి?" పాఠ్యగ్రంథములలో ఇంతకంటె చక్కని వివరణమును నేను చదువలేదు. అయితే కల్లములోనైనను కాయ కాయగా, తాలు తాలుగా ఏరనిదే తూకమునకు విలువ లేదు గదా. అచ్చటనే అసలు కష్టమున్నది.

ఒక్క కేయానునకు లెక్కకు మిక్కిలిగా పయానులును ప్రోటానులును వెంటబడి వచ్చును. మూడింటికిని ఆవేశ మొక్కటే. ఒకే ద్రవ్యవేగముతో వచ్చినచో అయస్కాంతములో మూడును ఒకే తీరున వంగును. 1.2 గిగా ఎలక్ట్రాను వోల్టుల ద్రవ్యవేగము గల మూడింటిని 3 మీటర్ల దూరము పరుగెత్తించి చూతము. పయాను 10.07 నానోసెకండులలో గమ్యము చేరును, కేయాను 10.82లో, ప్రోటాను 12.7లో. నానోసెకండనగా సెకండులో నూరుకోట్ల వంతు. అందులో ముప్పాతిక వంతు వ్యత్యాసమును పట్టుకొని ఇది పయాను, ఇది కేయాను అని వేరుచేయవలెను. అది చాలదని ఏరోజెల్ అను పొగవంటి తేలికపాటి ఘనపదార్థమును దారిలో నిలుపుదురు. అందులో కాంతివేగమును మించి పరుగెత్తు పయాను నీలికాంతిని చిమ్మి తన్ను తానే పట్టియిచ్చును, కేయాను చీకటిగా సాగిపోవును. ఇన్ని చేసినను కేయాను దారిలోనే చచ్చు ప్రమాదము కలదు: పై వేగముతో 10 మీటర్ల దారి నడచునప్పటికి మూడింట రెండు వంతులు క్షయించి, ఒక వంతే తుదకు చేరును. అందుచే శోధకమును దూరముగా పెట్టినచో కేయాను దక్కదు, దగ్గరగా పెట్టినచో కాలభేదము దక్కదు. నాకీ విద్యలో మిక్కిలి ప్రీతికరమైన ఘట్టమిదే.

ఇదే విద్యను 2000లో జెఫర్సన్ ప్రయోగశాలలో కర్బన కేంద్రకముపై ప్రయోగించిరి. కర్బనములోని ఆరు ప్రోటానులలో ఒకటి లాంబ్డాగా మారగా, ఐదు ప్రోటానులు, ఆరు న్యూట్రానులు, ఒక లాంబ్డా గల బోరాను అతికేంద్రకము పుట్టినది. అతికేంద్రకము క్రొత్తది కాదు. వార్సాలో డానిష్, ప్నియెవ్‌స్కీ అనువారు 1952లోనే ఫోటోగ్రాఫిక్ ఎమల్షనులో దాని జాడను చూచిరి. క్రొత్తదనము తూకములో నున్నది: మెసాను పుంజములతో అంతవరకు దొరకని నిశితత్వముతో, 1 మెగా ఎలక్ట్రాను వోల్టులోపు, శక్తిస్థాయిలను విడదీయగలిగిరి. లాంబ్డా ప్రోటానును కాదు, న్యూట్రానును కాదు గనుక, ఒకే జాతి కణములు రెండు ఒకే స్థితిలో నుండరాదను పౌలీ నిషేధము దాని నడ్డగింపదు. నిండిన గదుల మధ్యనుండి లోలోపలి గదివరకు అది నడచిపోగలదు. న్యూట్రాను నక్షత్రముల గర్భములోను లాంబ్డాలు పుట్టుననియు, పుట్టినచో నక్షత్రము మెత్తబడి ఎక్కువ బరువు మోయజాలదనియు సిద్ధాంతులు చెప్పుదురు. 2010లో సూర్యునికి దాదాపు రెండు రెట్లు బరువు గల అట్టి నక్షత్రము తూకమునకు వచ్చి వారిని ఇరుకున పెట్టినది. లాంబ్డా ఇరుగుపొరుగు కణములతో ఎట్లు మెలగునో భూమిమీద తూచినవారే ఆ చిక్కు విప్పవలెను.

తూకముల ప్రతిష్ఠ ఎంత త్వరగా కూలునో చెప్పు కథయు ఈ శాఖలోనే కలదు. 2003లో జపానులోని స్ప్రింగ్-8 యంత్రమున ఫోటానులతో ప్రయోగము చేసినవారు 1540 దగ్గర ఒక చిన్న శిఖరమును చూచి, ఐదు క్వార్కుల కణము దొరికినదని ప్రకటించిరి. జెఫర్సను ప్రయోగశాలవారును వెంటనే అవునవునని పలికిరి. ప్రపంచమంతట వ్యాసముల వెల్లువ. తరువాత జెఫర్సనువారే ఎన్నో రెట్లు ఎక్కువ ఘటనలను పోగుచేసి మరల చూడగా శిఖరము లేదు. లేదని వారే 2006 నాటికి అచ్చువేసిరి. తమ మాటను తామే కొట్టివేసికొన్న ఆ వ్యాసమును మొదటిదానికంటె గొప్పదిగా నేను లెక్కింతును. లాంబ్డా క్షయమునందు ప్రోటాను ఏ దిక్కునకు ఎంత మొగ్గునో తెలుపు సంఖ్య మరియొక ఉదాహరణము. నలువది ఏండ్లుగా పట్టికలలో 0.642గా నిలిచిన ఆ సంఖ్యను 2019లో చైనాలోని బెస్ బృందము 0.75గా కొలువగా, జెఫర్సనువారి ఫోటాను ప్రయోగముల పాత దత్తాంశములను మరల తరచినవారికి అదే సంవత్సరము 0.72 వచ్చినది. పాతది తప్పని రెండును ఏకకంఠముతో చెప్పినవి. తమలో తాము మాత్రము పూర్తిగా ఏకీభవింపలేదు.

పుంజము నిలిచిపోయిన చాల ఏండ్ల తరువాత కూడ దత్తాంశము క్రొత్త మాట చెప్పగలదను ఈ సంగతి మన ప్రాంతపు కళాశాలలకు మిక్కిలి ఉపయుక్తమైనది. త్వరణయంత్రము తుళ్లూరునకు రాదు, రావలసిన పనియు లేదు. విశ్వకిరణముల మ్యూయానులను లెక్కించు రెండు సింటిలేటరు పలకలు, ఒక కాలమాపక పరికరము, ఓపిక గల ఒక ఉపాధ్యాయుడు ఉన్నచో, సెకండులో కోట్ల వంతులను కొలుచు విద్య ఇచ్చటనే అలవడును. అది అలవడినవారు ఇతరదేశముల దత్తాంశములతో సమానముగ పనిచేయగలరు. చుట్టుప్రక్కల విశ్వవిద్యాలయముల భౌతికశాస్త్ర శాఖలవారికి నా మనవి యొక్కటే: వచ్చు విద్యాసంవత్సరమునకు కంప్యూటరు బల్లలు వేయు హాలులలో ఒక మూల ఆ రెండు పలకలకును చోటు విడిచిపెట్టుడు.