కోసి అమ్మే గుమ్మడికాయ

ఈ వారం జనగామ కూరగాయల మార్కెట్లో గుమ్మడికాయ ముక్కలు చూసి ఒళ్లు మండింది. దసరా దగ్గరపడింది. కొత్త గుమ్మడి దిగే రోజులు. గోనెపట్టా మీద కాయలు కుప్పగా ఉంటాయి, తొడిమ పట్టి తిప్పి, వేళ్లతో కొట్టి, నచ్చినదాన్ని చంకనెత్తుకొని రావచ్చని పోతే, ఎటు చూసినా కోసిన ముక్కలే. కొన్నింటికి పల్చటి ప్లాస్టిక్ చుట్టారు. లోపల చెమట పట్టి, గింజల చుట్టూ ఉండే పీచు అప్పటికే జిగురెత్తుతోంది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పట్టింపులు కొత్తేమీ కాదు. ఏ కాలంలో కాసేది ఆ కాలంలోనే తినాలి, కాయ కాయలాగే ఇల్లు చేరాలి, తొక్క చెత్తబుట్టలో పడకూడదు. సొరకాయ గురించి రాసినప్పుడూ ఇదే పోరు పెట్టాను. గుమ్మడి విషయంలో ఇంకా గట్టిగా పెడతాను. ముదిరాక, తొడిమ ఊడకుండా, దెబ్బ తగలకుండా తెంపిన గుమ్మడిని గాలి ఆడే మూలన పెడితే నెలల తరబడి నిలుస్తుంది. నిలిచేకొద్దీ లోపలి పిండిపదార్థం చక్కెరగా మారి తియ్యబడుతుంది. ఫ్రిజ్ అడగని కూరగాయ. కత్తి పడ్డాక మాత్రం రెండు మూడు రోజుల్లో వండేయాల్సిందే. అటువంటి కాయను అంగట్లోనే కోసి పెట్టడమేంటని నా బాధ.

మా అమ్మమ్మది జనగామ పక్కన చెల్క నేలల ఊరు. తొలకరి పడగానే పెంటకుప్ప పక్కన నాలుగు గింజలు పెట్టేది. బతుకమ్మ నాటికి తీగ దడి దాటి కొట్టం మీదికి పాకేది. పొద్దున్నే పూలు తెంపడానికి మమ్మల్ని పంపుతూ, ‘‘కింద పిందె ఉన్న పువ్వు ముట్టకుండ్రి బిడ్డా, ఒట్టి కాడ మీదున్నదే తెంపుండ్రి’’ అనేది. గుమ్మడికి మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. రెండూ తెల్లవారుతూ విచ్చుకొని ఎండ ముదిరేసరికి ముడుచుకుంటాయి. ఆ కాస్త పొద్దులోనే తేనెటీగ తన పని చూసుకోవాలి. అందుకని తీగకు నాలుగు మగపూలు ఉంచమనేది కూడా. బడిలో వృక్షశాస్త్రం చెప్పకముందే మాకు ఆ పాఠం అయిపోయింది. బతుకమ్మకు పువ్వూ దక్కేది, సంక్రాంతికి కాయా దక్కేది.

అంత తెలిసిన మనిషి, కాయ కోసే రోజున మాత్రం కత్తిపీట ముందు పెట్టుకొని వాకిలి వైపు చూస్తూ కూర్చునేది. నిండు గుమ్మడికాయకు ఆడవాళ్లు తొలి దెబ్బ వేయకూడదని పట్టింపు. మామయ్య ఇంట్లో లేకుంటే దారిన పోయే ఎవరినో కేకేసి, ‘‘ఒక్క దెబ్బేసి పో కొడకా’’ అని బతిమాలేది. విత్తింది ఆమె, నీళ్లు పోసింది ఆమె, వండేదీ ఆమే. ఆ ఒక్క దెబ్బకు మాత్రం ఆమె చెయ్యి పనికిరాకపోయేది. ఆ పట్టింపు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. ఆ తర్వాత జరిగేది మాత్రం ఎంతో నచ్చేది. మోదుగాకుల్లో ముక్కలు పెట్టి ఇంటింటికీ పంపేది. అంత కాయ ఒక్క ఇంట్లో ఒడవదు మరి.

భూపాలపల్లిలో మా చిన్నమ్మ వాళ్ల సింగరేణి క్వార్టర్లోనూ ఇదే తంతు. చిన్నాయన కేటీకే గనిలో పని చేసేవాడు. మానుకోట (మహబూబాబాద్) చుట్టాలు ఎర్రబస్సులో గుమ్మడికాయ తెచ్చేవాళ్లు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ అప్పటికి ఒకటే వరంగల్ జిల్లా, 2016 అక్టోబరులో కదా వేరుపడ్డది. ఆ కాయ క్వార్టర్ల వరుసంతా పంచుకునేది. కోస్తా నుంచి వచ్చినవాళ్లింట్లో దప్పళం, తండా నుంచి వచ్చినవాళ్లింట్లో జొన్నరొట్టెలోకి ఎర్రటి కారం కూర, మా చిన్నమ్మ ఇంట్లో నువ్వుల పొడి వేసిన పులుసు కూర.

ఆ పులుసు కూరే నేను ఇప్పటికీ వండేది. తొక్కతోనే రెండు వేళ్ల వెడల్పు ముక్కలు. నూనె కాగాక మెంతులు, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన ఎల్లిపాయలు, కరివేపాకు. నూనెకు పిసినారితనం వద్దు. గుమ్మడి పసుపులోని కెరోటిన్ కొవ్వు తోడు లేనిదే ఒంటికి సరిగ్గా పట్టదు. ముక్కలు, ఉప్పు, పసుపు, కారం వేసి మూత పెడితే చాలు, తన నీళ్లతో తానే మగ్గుతుంది. చింతపండు పులుసు ముక్క మెత్తబడ్డాకే పోయాలి. ముందే పోస్తే పులుపుకు ముక్క బిగుసుకొని ఎంతకీ ఉడకదు. చిన్న బెల్లం ముక్క, దించే ముందు వేయించిన నువ్వుల పొడి.

మళ్లీ మార్కెట్‌కు వస్తాను. ఒకామె వెనక సంచిలో నిండు కాయలు కనపడ్డాయి. ‘‘మొత్తం కాయ ఇయ్యి చెల్లె’’ అన్నాను.

‘‘ఇస్త గాని, ఇంట్ల ఎంతమందుంటరక్కా?’’

‘‘ఇద్దరం.’’

‘‘ఇద్దరికి గింత కాయేం జేస్తవ్? కోసినంక సగం పారబోస్తవ్. కోసిస్త, కావల్సినంత కొంటవోవు.’’

నా జవాబుకు ఆగకుండానే కాయను రెండు పాదాల నడుమ పెట్టుకొని, కొడవలి మొన ఆనించి, రాయితో ఒక్క దెబ్బ వేసింది. కాయ టక్కున విచ్చుకుంది. నారింజ రంగు కండ, తెల్లటి గింజలు, పచ్చి వాసన. చుట్టూ ఉన్నవాళ్లు ఎవరూ తల తిప్పి కూడా చూడలేదు. మా అమ్మమ్మ బతుకంతా వేయలేకపోయిన దెబ్బ అది. నేను డబ్బులు తీసేలోపే మిగతా ముక్కలు ఒక ఆటో డ్రైవరుకు, ఒక టీచరమ్మకు, ఒక ముసలి జంటకు పోయాయి.

అమ్మమ్మ మోదుగాకుల్లో పెట్టి పంపిన పనే ఈమె తక్కెడతో చేస్తోంది. ఇద్దరు ముగ్గురుండే ఇళ్లలో ఐదారు కిలోల కాయ కొనమనడం, ఇరుగుపొరుగు తలుపులు మూసుకున్న అపార్ట్‌మెంట్లలో పంచిపెట్టమనడం జరిగే పని కాదు. కోయకపోతే కాయ అమ్ముడుపోదు, మళ్లీ ఊరికి మోసుకుపోవాలి. కోస్తే కండ మందం, రంగు, లేతా ముదురా అన్నది కొనేవాళ్లూ చూసుకోవచ్చు. 1999 జనవరిలో రైతు బజార్లు మొదలైనప్పుడు అనుకున్నది దళారి లేకుండా రైతు, తినేవాళ్లు ఎదురెదురుగా నిలబడాలనే. గుమ్మడి దగ్గర అది సాగాలంటే కత్తి రైతు చేతిలోనే ఉండాలి. కాయ కాయలాగే ఇల్లు చేరాలన్న నా పాత మాట గుమ్మడికి వర్తించదు.

ప్లాస్టిక్ చుట్టిన ముక్క మాత్రం కొనకండి. అది ఎప్పుడు కోసిందో అమ్మేవాళ్లకూ గుర్తుండదు. మీ కళ్ల ముందే కోయమని అడగండి, మరో ఇద్దరు వచ్చేదాకా కాసేపు ఆగాల్సి వచ్చినా ఆగండి. గింజలు ఊడ్చి పారేయనీయకుండా అడిగి తెచ్చుకొని, కడిగి, నీడలో ఆరబెట్టి, మూకుట్లో వేయించుకోండి. సంక్రాంతి దాకా గుమ్మడికి కొదువ లేదు. కోసిచ్చే ఆ చేతితో బేరం ఆడకండి.