‘విభజన కథ’ – విభక్త పాఠకులు: ఒక స్వీకార పరిశీలన

ఒక గ్రంథం విషయంలో పాఠకులు రెండు పక్షాలుగా చీలిపోవడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. చలం ‘మైదానం’, రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ అటువంటి చీలికకు ప్రసిద్ధమైన ఉదాహరణలు. అయితే ఆ రెండింటి విషయంలోనూ చీలిక విలువలకు సంబంధించింది. ఒకే ఊరిలో, ఒకే ఇంటిలో సైతం రెండు పక్షాల పాఠకులు ఉండేవారు. ఉండవల్లి అరుణ్‌కుమార్ ‘విభజన కథ’ (2016) విషయంలో ఏర్పడిన చీలిక వేరు. పాఠకుడి ప్రాంతమేదో తెలిస్తే ఈ పుస్తకంపై అతని అభిప్రాయాన్ని చాలావరకు ముందుగానే ఊహించవచ్చు. చదవకముందే ఊహించగల అభిప్రాయాన్ని పఠనఫలితం అనవచ్చునా అన్నది విమర్శకు ఎదురయ్యే మొదటి ప్రశ్న.

ఈ వ్యాసం ఆ గ్రంథంలోని రాజకీయ నిర్ణయం మంచిదా చెడ్డదా అని తేల్చబోదు. ఒకే పాఠం రెండు ప్రాంతాల పాఠకులకు రెండు గ్రంథాలుగా ఎందుకు కనిపించిందో, ఆ రెంటి నడుమ చర్చకు రాకుండా జారిపోయిన ప్రశ్న ఏదో పరిశీలించడం దీని ఉద్దేశం.

గ్రంథకర్త – గొంతు

అరుణ్‌కుమార్ వృత్తిరీత్యా న్యాయవాది. 2004, 2009 ఎన్నికలలో రాజమండ్రి నుంచి లోక్‌సభకు ఎన్నికైనవారు. రాష్ట్ర విభజనను వ్యతిరేకించినందుకు 2014 ఫిబ్రవరిలో కాంగ్రెస్ పార్టీ బహిష్కరించిన పార్లమెంటు సభ్యులలో ఒకరు. అయితే సామాన్య పాఠకుడు ఆయనను ఎక్కువగా ఎరిగింది టీవీ తెర మీద. కాగితాలు చేతబట్టుకుని, తేదీలు చెబుతూ, మొహమాటం లేకుండా సుదీర్ఘంగా మాట్లాడే వ్యాఖ్యాతగా ఆయన ప్రేక్షకులకు పరిచితులు. కనుక ఈ పుస్తకం చదివేవారిలో అధికసంఖ్యాకులు ఒక అపరిచిత రచయితను చదవడం లేదు. తాము ముందే విన్న గొంతును మళ్లీ వింటున్నారు.

అనుకూల, ప్రతికూల పాఠకులిద్దరూ ఏకీభవించే విషయం ఇదొక్కటే. పుస్తకం చదువుతుంటే ఆయన ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్లే ఉందని ఇరువర్గాలూ అంటాయి. ఒక వర్గానికి అది గుణం, మరొక వర్గానికి దోషం. నిర్మొహమాటాన్ని సత్యసంధతకు గుర్తుగా భావించే పాఠకుడు ఆ గొంతును నమ్ముతాడు. దాన్ని వాదనాచాతుర్యంగా భావించే పాఠకుడు ఆ గొంతు వినగానే జాగ్రత్తపడతాడు. రెండు సందర్భాలలోనూ తీర్పు స్వరం మీదనే కాని వాక్యం మీద కాదు.

ఇక్కడ మాధ్యమభేదాన్ని గుర్తించాలి. టీవీలో మాట కదిలిపోతుంది. ప్రేక్షకుడు ఆ మాటను ఆపి, వెనక్కి వెళ్లి, మరొక ఆధారంతో పోల్చి చూసేలోగా వక్త మరో విషయానికి సాగిపోతాడు. గ్రంథంలో మాట నిలుస్తుంది. పుట వెనక్కి తిప్పవచ్చు, తేదీని సరిచూడవచ్చు, వాదనలో ఖాళీని గుర్తించవచ్చు. తెర మీది వ్యాఖ్యాత తన మాటను అచ్చులోకి తెచ్చినప్పుడు పాఠకుడికి అతడు ఇచ్చే అధికారం ఇదే. కాని పాఠకులు కంటితో చదవవలసిన దాన్ని చెవితోనే చదివారు. అందువల్ల ఆ అధికారం వినియోగానికి రాలేదు.

శీర్షికలోని రెండు మాటలు

పాఠకులు చీలింది లోపలి పుటలలో కాదు, అట్ట మీదనే. 2014 జూన్ 2ను ఆంధ్రప్రదేశ్ పాఠకుడు ‘విభజన’ అంటాడు. తెలంగాణ పాఠకుడు అదే రోజును ‘ఆవిర్భావం’ అంటాడు. మొదటి మాటలో ఉన్నదేదో తెగిపోయింది. రెండో మాటలో లేనిదేదో పుట్టింది. ఒకే సంఘటనకు ఇవి పర్యాయపదాలు కావు. ‘విభజన’ అన్న పదాన్ని శీర్షికగా ఎన్నుకోవడంతోనే గ్రంథం తాను ఉద్దేశించిన పాఠకుడెవరో ప్రకటించుకుంది. రెండో పాఠకుడు లోపలికి వచ్చేసరికే తన మాటకు అక్కడ చోటు లేదని గ్రహిస్తాడు.

‘కథ’ అన్న మాట కూడా పరిశీలించదగినదే. కథకు ఆది, అంతం ఉంటాయి. ఈ గ్రంథం బలమంతా 2014 ఫిబ్రవరి మీద, ప్రత్యేకించి లోక్‌సభలో బిల్లు ఆమోదం పొందిన 18వ తేదీ మీద కేంద్రీకృతమైంది. తెలంగాణ పక్షాన ఇదే కాలపు స్మృతిగ్రంథాలలో ప్రసిద్ధమైనది ఆచార్య జయశంకర్ సంభాషణలతో వెలువడిన ‘వొడువని ముచ్చట’. అది కూడా నోటిమాట నుంచి పుట్టిన గ్రంథమే. కాని అక్కడ ‘కథ’ లేదు, ‘ముచ్చట’ ఉంది. అదైనా ఒడవనిది, అంటే ముగియనిది. 1956 ఫిబ్రవరి 20న కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, 2009 డిసెంబరు 9 ప్రకటన, ఆ నెల 23న వెలువడిన మరో ప్రకటన – ఇవన్నీ ఆ ముచ్చటలో విడదీయరాని భాగాలు. బిల్లు రాజ్యసభలో ఆమోదం పొందింది 2014 ఫిబ్రవరి 20న. ఒప్పందం కుదిరిన తేదీ, చట్టసభల ఆమోదం పూర్తయిన తేదీ ఒకటే కావడం కాకతాళీయమే కావచ్చు. ఆరు దశాబ్దాల ముచ్చట విన్న పాఠకుడికి మాత్రం అందులో ఒక వలయం పూర్తయినట్లు అనిపిస్తుంది.

కథను ఎక్కడ ప్రారంభిస్తామన్నదే కథలో అన్యాయం ఎవరికి జరిగిందో నిర్ణయిస్తుంది. 2014 ఫిబ్రవరిలో ప్రారంభిస్తే, తలుపులు మూసిన సభలో ఒక ప్రాంతం గొంతు నొక్కివేసిన కథ అవుతుంది. 1956లో ప్రారంభిస్తే, ఉల్లంఘించిన హామీలకు ఆలస్యంగా లభించిన పరిహారం కథ అవుతుంది. ఈ గ్రంథాన్ని వ్యతిరేకించిన పాఠకులు చాలామంది అందులోని వాక్యాలను కాదు, దాని ప్రారంభబిందువును వ్యతిరేకించారు. సమర్థించినవారు ఆ ప్రారంభబిందువును స్వభావసిద్ధమైనదిగా తీసుకున్నారు. రెండు పక్షాలూ దాన్ని ఒక రచనానిర్ణయంగా చూడలేదు.

వెలుగు లేని తెర

గ్రంథంలోని కేంద్రవాదన విధానానికి సంబంధించింది: బిల్లుపై లోక్‌సభలో జరిగిన ఓటింగు సభానియమాల ప్రకారం జరగలేదన్నది. లోక్‌సభ నియమావళిలో 367వ నియమం ఓటింగు పద్ధతిని చెబుతుంది. మొదట మూజువాణి ఓటు. ఆ నిర్ణయాన్ని సభ్యులు ప్రశ్నిస్తే లాబీలు ఖాళీ చేయించి ‘డివిజన్’ జరపడం. డివిజన్‌ను అనవసరంగా కోరుతున్నారని స్పీకర్ భావిస్తే సభ్యులను తమ స్థానాలలో నిలబడమని లెక్కించి నిర్ణయించడం. ఫిబ్రవరి 18న ఇందులో ఏది, ఎంతమేరకు జరిగిందన్నదే వివాదం.

ఆ సమయంలో లోక్‌సభ ప్రత్యక్షప్రసారం ఆగిపోయింది. సాంకేతికలోపమని ఒక వివరణ, బుద్ధిపూర్వకమని ఒక ఆరోపణ వచ్చాయి. ఏదైనప్పటికీ, తెలుగు ప్రేక్షకులు తమ చరిత్రలో అతిముఖ్యమైన ఘట్టాలలో ఒకదాన్ని చూడలేకపోయారు. టీవీ వ్యాఖ్యాతగా పేరుపొందిన వ్యక్తి ఈ ఘట్టాన్ని గ్రంథస్థం చేయడంలోని ఔచిత్యం ఇక్కడే ఉంది. తెర చీకటైన చోట అచ్చు ప్రవేశించింది. అందుకే ఒక వర్గం పాఠకులు దీన్ని రచనగా కాక సాక్ష్యంగా స్వీకరించారు. కాని సాక్షి వేరు, న్యాయవాది వేరు. సాక్షి తాను చూసింది చెబుతాడు. న్యాయవాది తన కక్షిదారుకు ఉపకరించే క్రమంలో ఆధారాలను పేరుస్తాడు. ఈ గ్రంథంలో గొంతు రెండోదే. అది నింద కాదు. న్యాయవాదులు రాసిన రాజకీయ గ్రంథాలకు సహజమైన లక్షణం. ఇబ్బంది ఎక్కడంటే, వాదనను సాక్ష్యమనుకున్న పాఠకుడు ఎదుటిపక్షం వాదన కూడా వినాలన్న సంగతి మరచిపోతాడు. వాదనను కేవలం వాదనేనని తోసిపుచ్చిన పాఠకుడు అందులోని ఆధారాలను కూడా తోసిపుచ్చుతాడు.

రెండు మూజువాణి ఓట్లు

ఈ చీలిక స్వభావాన్ని పరీక్షించడానికి గ్రంథం వెలుపలి సంఘటనను ఒకదాన్ని పక్కన పెట్టి చూడవచ్చు. రాజ్యాంగం 3వ అధికరణం ప్రకారం కొత్త రాష్ట్రం ఏర్పరిచే బిల్లుపై సంబంధిత శాసనసభ అభిప్రాయం కోరాలి. ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కరలేదు. ఆ మేరకు శాసనసభకు వచ్చిన బిల్లును తిరస్కరించే తీర్మానాన్ని 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించింది. ఎలా? గందరగోళం నడుమ, మూజువాణి ఓటుతో. పందొమ్మిది రోజుల తరువాత లోక్‌సభ అదే బిల్లును ఆమోదించింది. అది కూడా గందరగోళం నడుమ, మూజువాణి ఓటుతోనే.

హైదరాబాదు ఓటును ప్రజాభీష్టంగా కీర్తించి ఢిల్లీ ఓటును రాజ్యాంగవిరుద్ధమన్నవారు ఒకవైపు. హైదరాబాదు ఓటును ప్రహసనమని నిందించి ఢిల్లీ ఓటును ప్రజాస్వామ్య విజయమన్నవారు మరొకవైపు. రెండు సభల అధికారాలు, నియమాలు వేరన్నది నిజమే. శాసనసభ తీర్మానం అభిప్రాయం మాత్రమే, లోక్‌సభ నిర్ణయం చట్టం. కాని ఎవరి పక్షాన ఫలితం వచ్చిందన్న దాన్ని బట్టి విధానంపై తీర్పు మారిపోవడానికి ఆ భేదం కారణం కాజాలదు. లెక్కించని ఓటు లెక్కించని ఓటే. రెండు సభలనూ ఒకే కొలతతో కొలిచే పాఠకుడు రెండు పక్షాలలోనూ అరుదుగా కనిపిస్తాడు.

రసవిఘ్నాలు – పఠనవిఘ్నాలు

పాఠకుడి ఈ స్థితికి మన అలంకారశాస్త్రంలో పేరుంది. అభినవగుప్తుడు ‘అభినవభారతి’లో చెప్పిన ఏడు రసవిఘ్నాలలో రెండు ఇక్కడ ప్రస్తావనార్హం. తనదనో పరులదనో నియమించుకున్న దేశకాల విశేషాలు మనస్సును ఆవేశించడం ఒకటి; సొంత సుఖదుఃఖాలకు వివశుడైపోవడం రెండోది. ఈ రెండూ తొలగి సాధారణీకరణం జరిగితేనే ప్రేక్షకుడు సహృదయుడు. ‘విభజన కథ’ రసప్రధానమైన కావ్యం కాదు కనుక ఆ సిద్ధాంతాన్ని యథాతథంగా అన్వయించడం కుదరదు. కాని విఘ్నాల స్వరూపం అదే. పాఠకుడు తన ప్రాంతానికి జరిగిన దాన్ని తప్ప మరొకదాన్ని చదవలేకపోవడమే ఇక్కడి విఘ్నం. పాఠకసమూహాల ముందస్తు అంచనాలే పాఠానికి అర్థాన్ని కల్పిస్తాయన్న ఆధునిక స్వీకారసిద్ధాంతాలు ఈ స్థితిని వర్ణిస్తాయి. అభినవగుప్తుడు దాన్ని విఘ్నమని పేర్కొని, తొలగించుకోవలసిన బాధ్యత కూడా ఉందని సూచిస్తాడు. ఈ సందర్భంలో మనకు అక్కరకొచ్చేది రెండో దృష్టే.

ఈ విఘ్నాన్ని పాఠకుడి మీదనే మోపడం న్యాయం కాదు. గ్రంథం కూడా సాధారణీకరణకు కావలసిన దారి వేయలేదు. ‘సభలో సంఖ్యను లెక్కించకుండా చట్టం చేయవచ్చునా?’ అన్నది ఏ రాష్ట్రం పౌరుడైనా అడగవలసిన ప్రశ్న. రేపు మరే బిల్లు విషయంలోనైనా, ఏ ప్రాంతం వారికైనా ఎదురుకావచ్చు. ఆ ప్రశ్నను ‘మా రాష్ట్రాన్ని ఇలా చీల్చారు’ అన్న ఫిర్యాదు నుంచి విడదీసి నిలిపి ఉంటే, తెలంగాణ పాఠకుడు కూడా తన రాష్ట్రం ఉనికిని ప్రమాదంలో పెట్టుకోకుండానే దానితో ఏకీభవించగలిగేవాడు. విధానాన్ని ప్రశ్నించడమంటే ఆకాంక్షను ప్రశ్నించడమేనన్న భయాన్ని గ్రంథం తొలగించలేకపోయింది. ఇది దాని ప్రధానలోపం. ఆ ప్రశ్నను తేదీలతో, నియమాలతో అచ్చులో నిలిపి, మరుగున పడనీయకపోవడం దాని ప్రధానగుణం. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో చెప్పగలిగిన సమీక్ష ఇరుపక్షాలలోనూ అరుదు.

ముగింపు

ఈ చర్చ తెలుగు శాఖలకు బయటి విషయం కాదు. పునర్వ్యవస్థీకరణ చట్టం పదవ షెడ్యూలులో చేర్చిన ఉమ్మడి సంస్థలలో తెలుగు విశ్వవిద్యాలయం కూడా ఉంది. నేడు రెండు రాష్ట్రాల శాఖలూ వేర్వేరు పాఠ్యప్రణాళికలతో ఒకే భాషను బోధిస్తున్నాయి. 1956 నుంచి 2014 వరకు గల కాలానికి చెందిన స్మృతిగ్రంథాలను రేపటి పరిశోధకులు ఎలా చదువుతారన్నది మనం నేడు ఎలా చదువుతున్నామన్న దానిపై ఆధారపడి ఉంటుంది. ‘విభజన కథ’ను ఒక రాష్ట్రంలోనూ, ‘వొడువని ముచ్చట’ను మరొక రాష్ట్రంలోనూ మాత్రమే చదివే స్థితి వస్తే రెండు గ్రంథాలూ సగం సగమే మిగులుతాయి.

కనుక ఈ రెండింటినీ ఒకే తరగతిలో, ఒకే బల్ల మీద పక్కపక్కన ఉంచి చదివించాలి. విద్యార్థిని అడగవలసిన మొదటి ప్రశ్న ‘నీవు ఎవరి పక్షం?’ అన్నది కాదు. ‘ఈ కథ ఎక్కడ మొదలైంది, అక్కడే ఎందుకు మొదలైంది?’ అన్నది. రాష్ట్రం రెండైన తరువాత కూడా ఆ ప్రశ్న అడగడానికి భాష ఒకటిగానే ఉంది.