ఒడ్డును తాకిన చెయ్యి

ఈ ఏడాది పత్రికకు విమర్శ వ్యాసం రాయమని తెలుగు టీచరు చెప్పినప్పుడు క్లాసులో చాలామంది కథలూ సినిమాలూ తీసుకున్నారు. నేను ఒక ఫొటో తీసుకున్నాను. "ఫొటోకి విమర్శేంటి, చూస్తే అర్థమైపోతుంది కదా" అన్నారు స్నేహితులు. చూడగానే అంతా అర్థమైపోయినట్టు అనిపించడమే ఈ ఫొటోతో వచ్చిన చిక్కు. అదేమిటో చెప్పడానికే ఈ వ్యాసం.

జూన్ 20 ప్రపంచ శరణార్థుల దినం. ఆ రోజు కోసం సోషల్ టీచరు నోటీసు బోర్డు మీద పెట్టిన బొమ్మల్లో ఇదొకటి. సముద్రపు ఒడ్డు. ఇసుక మీద ఒక ఆడమనిషి వాలిపోయి ఉంది. ఒక అరచెయ్యి నేలకు ఆన్చింది. తల వంగి ఉంది. వెనకాల పడవ, దాని దగ్గర సామాన్లు దించుకుంటున్న మనుషులు. అంతే. రక్తం లేదు, తుపాకీ లేదు.

తీసినవారు డానిష్ సిద్దిఖీ. రాయిటర్స్ వార్తాసంస్థకు పనిచేసిన భారతీయ ఫొటోగ్రాఫర్. 2017 సెప్టెంబరు 11న, బంగ్లాదేశ్ దక్షిణపు కొసన షా పొరీర్ ద్వీప్ అనే చోట తీశారు. ఆ మహిళ రోహింగ్యా. మయన్మార్ నుంచి బంగాళాఖాతం మీదుగా పడవలో వచ్చి అప్పుడే దిగింది. రోహింగ్యాల మీద రాయిటర్స్ బృందం తీసిన ఫొటోలకు 2018లో పులిట్జర్ బహుమతి వచ్చింది. ఆ బృందంలో సిద్దిఖీతో పాటు అద్నాన్ అబిదీ అనే మరో భారతీయుడు కూడా ఉన్నారు. 2021 జూలైలో అఫ్గానిస్తాన్‌లో యుద్ధం ఫొటోలు తీయడానికి వెళ్లి సిద్దిఖీ ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఈ ఫొటోలో లోపం వెతికే ముందు ఒక మాట గుర్తుంచుకుంటాను. అక్కడికి వెళ్లి నిలబడినది ఆయన. ఫ్యాను కింద కూర్చుని రాస్తున్నది నేను.

ముందు మంచి చెప్తాను. ఈ ఫొటోకి ప్రాణం ఆ చెయ్యి. ఒడ్డు చేరినవాళ్లు చేతులు పైకెత్తుతారనో, ఏడుస్తారనో అనుకుంటాం. ఈమె నేలను తాకింది. మన ఇళ్లలో కూడా నేలను తాకి కళ్లకద్దుకునే అలవాటు ఉంది కాబట్టి అది దణ్ణంలా కనిపిస్తుంది. కానీ పడిపోకుండా ఆన్చుకున్న చెయ్యి కూడా అయ్యుండొచ్చు. ఫొటో రెండిట్లో ఏదీ తేల్చి చెప్పదు. రెండో మంచి, వెనకాల ఉన్న మనుషులు. వాళ్లు ఆమెను చూడడం లేదు, తమ మూటలు తాము చూసుకుంటున్నారు. అంటే అక్కడ ఈ దృశ్యం వింత కాదు, రోజూ జరుగుతున్నదే అని తెలుస్తోంది. మూడోది, శవాలను చూపించి మనల్ని భయపెట్టకపోవడం. ఆమెకు కొంచెం గౌరవం మిగిల్చారు.

ఇక లోపం. నోటీసు బోర్డు దగ్గర నిలబడి ఎనిమిదో క్లాసు పిల్లలు మాట్లాడుకున్న మాట విన్నాను. "సునామీ వచ్చిందేమోరా!" అన్నాడు ఒకడు. వాణ్ణి ఎవరూ నవ్వలేదు, నేను కూడా నవ్వలేదు. చెన్నైలో ఉన్నవాళ్లకు 2004 సునామీ, 2015 వరదలు తెలుసు. నీళ్లు, పడవ, మూటలు, అలిసిపోయిన ఆడమనిషి కనిపిస్తే మనకు గుర్తొచ్చేవి అవే. ఆ అబ్బాయి తప్పేమీ లేదు. ఈ ఫొటోలో దెబ్బ తిన్న మనిషి ఉంది, దెబ్బ కొట్టినవాడు లేడు. అందువల్ల మనుషులు చేసిన పని ప్రకృతి చేసినట్టు కనిపిస్తోంది. సునామీని ఎవరూ విచారించలేరు. జాలిపడతాం, బియ్యం పంపిస్తాం, మర్చిపోతాం. రోహింగ్యాల విషయంలో అలా కుదరదు.

జరిగింది ఇది. 2017 ఆగస్టు 25న ఆర్సా అనే రోహింగ్యా సాయుధ ముఠా మయన్మార్‌లోని రఖైన్ రాష్ట్రంలో 30 దాకా పోలీసు ఠాణాల మీద దాడి చేసింది. అదే రోజు ఒక చోట హిందూ గ్రామస్తులను కూడా చంపిందని ఆమ్నెస్టీ సంస్థ తర్వాత తేల్చింది. దీన్ని దాచకూడదు. అయితే దానికి జవాబుగా సైన్యం ముఠాను మాత్రమే వెతకలేదు. ఊళ్లకు ఊళ్లు తగలబెట్టింది. మొదటి నెలలోనే కనీసం 6,700 మంది హింసలో చనిపోయారని, వాళ్లలో అయిదేళ్లలోపు పిల్లలు కనీసం 730 మంది ఉన్నారని 'సరిహద్దులు లేని వైద్యులు' సంస్థ లెక్క కట్టింది. 7 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. ఒక జాతిని నేల మీద నుంచి తుడిచేయడానికి పాఠ్యపుస్తకంలో ఇవ్వదగిన ఉదాహరణ ఇది అని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషనరు అన్నారు. ఆయన ఆ మాట అన్నది కూడా 2017 సెప్టెంబరు 11నే. అదే రోజు ఈమె ఒడ్డు చేరింది.

కొట్టినవాడిని చూపించే ఫొటో కూడా ఒకటి ఉంది. అది మన బోర్డు మీద లేదు. ఇన్ దిన్ అనే ఊళ్లో పదిమంది రోహింగ్యా మగవాళ్లు వరసగా మోకాళ్ల మీద కూర్చుని ఉంటారు. చేతులు కట్టేసి ఉంటాయి. ఆ తర్వాత వాళ్లను చంపి ఒకే గోతిలో పూడ్చారు. ఆ పదిమందిలో చేపలు పట్టేవాళ్లు, దుకాణాలవాళ్లు, ఒక మత బోధకుడు ఉన్నారు. ఇద్దరు హైస్కూలు విద్యార్థులు. వా లోన్, క్యా సో ఊ అనే ఇద్దరు మయన్మార్ విలేఖరులు ఈ సంగతి తవ్వి తీశారు. అందుకు వాళ్లకు ఏడేళ్ల జైలు పడింది. 500 రోజులకు పైగా జైల్లో ఉండి 2019 మేలో బయటికొచ్చారు. ఆ హత్యలకు పదేళ్ల శిక్ష పడిన ఏడుగురు సైనికులు ఏడాది కూడా తిరగకుండానే విడుదలయ్యారు. చంపినవాళ్ల కంటే రాసినవాళ్లే ఎక్కువ రోజులు జైల్లో ఉన్నారన్నమాట.

ఈ రెండు ఫొటోలను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి చూస్తే అయ్యో అనిపిస్తుంది. రెండోది చూస్తే 'ఎవరు, ఎందుకు' అని అడగాలనిపిస్తుంది. మొదటిది ప్రపంచమంతా తిరిగి బళ్ల గోడల దాకా వచ్చింది. జాలి పడడం సుళువు కాబట్టి అది ఎక్కువ తిరిగిందని నా అభిప్రాయం.

రెండు ఫొటోలకూ అందనిది ఇంకొకటి ఉంది. అది కాగితం. 1982లో మయన్మార్‌లో కొత్త పౌరసత్వ చట్టం వచ్చింది. ప్రభుత్వం గుర్తించిన 135 జాతుల జాబితాలో రోహింగ్యాల పేరు లేదు. తరతరాలుగా అరకాన్‌లో దున్నుకుంటున్నవాళ్లు ఒక్క చట్టంతో పరాయివాళ్లయ్యారు. 2014 జనాభా లెక్కల్లో 'రోహింగ్యా' అని రాయించుకోనివ్వలేదు. చేతిలో మిగిలిన తెల్ల కార్డులు కూడా 2015లో రద్దయ్యాయి, వాటితో పాటే ఓటూ పోయింది. ఊళ్లు తగలబెట్టడానికి 35 ఏళ్ల ముందే పని మొదలైంది. ఆఫీసులో సంతకం పెట్టే చేతిని ఎవరూ ఫొటో తీయరు. తీసినా మనం ఆగి చూడం.

ఇదంతా మనకు దూరం అనుకునేవాళ్లకు ఒక పాత సంగతి చెప్పాలి. బర్మాలో తెలుగువాళ్లను 'కోరంగీలు' అనేవారు. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరు మీద వచ్చిన మాట అది. రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్లలో తెలుగు కూలీలు చాలామంది. 1930 మేలో అక్కడ తెలుగు రేవు కూలీల సమ్మె చివరికి గొడవలకు దారితీసి వందమందికి పైగా చనిపోయారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు నడిచి వచ్చారు, వేలమంది దారిలోనే పోయారు. 1962లో నే విన్ అధికారం పట్టాక దుకాణాలు లాక్కుంటే మళ్లీ లక్షలమంది ఓడలెక్కారు. మన చెన్నైలో బర్మా బజారుకు ఆ పేరు ఎలా వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. అక్కడ భారతీయులను తిట్టడానికి వాడిన 'కలా' అనే మాటతోనే ఈరోజు రోహింగ్యాలను తిడుతున్నారు.

అయితే మన కథా వాళ్ల కథా ఒకటే అనడం అబద్ధమవుతుంది. తేడా ఒడ్డు దగ్గర వచ్చింది. బర్మా నుంచి వచ్చినవాళ్లు మద్రాసులోనో విశాఖపట్నంలోనో దిగినప్పుడు, అన్నీ పోగొట్టుకుని దిగినా, వీళ్లు మావాళ్లు అనే దేశం ఒకటి ఉంది. ఫొటోలోని మహిళ చెయ్యి ఆన్చిన ఒడ్డు ఆమె ప్రాణం కాపాడింది గానీ ఆమెను తనదిగా రాసుకోలేదు. విడిచి వచ్చిన ఒడ్డు ముందే పేరు కొట్టేసింది. అది తెలిశాక ఆ చెయ్యి నాకు దణ్ణంలా కనిపించడం మానేసింది. తలుపు తడుతున్నట్టు కనిపిస్తోంది.

ఫొటో తర్వాతి కథ కూడా తెలుసుకోవాలి. వచ్చినవాళ్లు కాక్స్ బజార్ జిల్లాలో వెదురు, టార్పాలిన్ గుడిసెల్లో ఉంటున్నారు. కుటుపాలాంగ్ ప్రపంచంలోనే అతి పెద్ద శరణార్థి శిబిరమైంది. అక్కడి పిల్లలకు బంగ్లాదేశ్ సిలబస్ చెప్పనివ్వలేదు. 2021 చివర్లో మయన్మార్ సిలబస్ మొదలైంది. 2025లో నిధులు తగ్గి చాలా అభ్యాస కేంద్రాలు మూతపడ్డాయి. తెలుగు మీడియంలో చదివే మనకు ఇది ఇంకోలా అర్థమవ్వాలి. తమిళనాడులో 2006 చట్టం వచ్చాక మన భాషలో చదువుకునే వీలు కోసం మైనారిటీ భాషలవాళ్లు కోర్టు దాకా వెళ్లారు. వెళ్లగలిగారు, ఎందుకంటే మనం ఈ దేశ పౌరులం. రోహింగ్యా భాషకు హనీఫీ అనే లిపి ఉంది, 2018లో అది కంప్యూటర్లలో వాడే యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. అక్షరాలకు చోటు దొరికింది. రాసేవాళ్లకు ఇంకా దొరకలేదు.

"మన దేశంలోనే బోలెడు కష్టాలున్నాయి, వాళ్ల గొడవ మనకెందుకు" అని కొందరు పెద్దలు అడగొచ్చు. అడగదగిన ప్రశ్నే. భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. మన ప్రభుత్వం రోహింగ్యాలను అక్రమంగా వచ్చినవాళ్లుగానే చూస్తోంది. ఎవరిని ఉంచాలి, ఎలా ఉంచాలి అన్నది పెద్ద చర్చ. కానీ చర్చ చేయాలన్నా ముందు సంగతి తెలియాలి కదా. సునామీ అనుకునేవాడు ఏ పక్షమూ వాదించలేడు.

అందుకని ఒక సూచన. ఆ ఫొటోను బోర్డు మీద నుంచి తీసేయక్కర్లేదు. దాని కింద నాలుగు వాక్యాలు రాస్తే చాలు: ఈమె రోహింగ్యా. 1982 చట్టం వీళ్ల పౌరసత్వాన్ని తీసేసింది. 2017లో మయన్మార్ సైన్యం వీళ్ల ఊళ్లు తగలబెట్టింది. ఈమెకు ఇంకా ఏ దేశమూ లేదు. ఇక మీదట ఏ శరణార్థి ఫొటో పెట్టినా, వీళ్లు ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరు తరిమారు, ఇప్పుడు ఎక్కడున్నారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు కింద రాసి పెడదాం. ఆ పని మా క్లాసు చేస్తుంది.

చివరిగా ఒక మాట. రోహింగ్యాలను చూడాలంటే ఫొటోయే దిక్కు కాదు. హైదరాబాదులో బాలాపూర్ వైపు వేలమంది ఉన్నారు. మన చెన్నై పక్కనే కేళంబాక్కంలో కొన్ని కుటుంబాలు చాలా ఏళ్లుగా ఉంటున్నాయి. వాళ్ల పిల్లలు అక్కడి ప్రభుత్వ బడిలో తమిళంలో చదువుతున్నారు. బయట తమిళం, ఇంట్లో ఇంకో భాష. మన బడిలో ప్రతి పిల్లకీ పిల్లాడికీ తెలిసిన బతుకే అది. ఏదో ఒక పోటీలోనో, ట్యూషన్‌లోనో వాళ్లలో ఒకరు మన పక్కన కూర్చోవచ్చు. అప్పుడు జాలిగా చూడకుండా పేరు అడగండి. చెప్పిన పేరును సరిగ్గా పలకండి.