రెండు నిమిషాల నవాబులు

అస్తిత్వం గురించి మాట్లాడుకునే చోట పీర్ల పండుగ ఉంటుంది, ఉర్దూ ఉంటుంది, బురఖా ఉంటుంది, బాబ్రీ ఉంటుంది. ఇంగ్లీషు పరీక్షకి ఇక్కడేం పని అని అడగొచ్చు. మా పిల్లలు మేమెవరమో ఒక పరాయి మనిషికి ఎదురుగా కూర్చుని చెబుతున్నది ఇవాళ ఆ పరీక్షలోనే. అందుకని పని ఉంది. గల్ఫ్‌కి పోయిన మా తండ్రుల తరాన్ని ఎవరూ మ్యూజియం గురించి మాట్లాడమనలేదు. పాస్‌పోర్టు, వీసా, చేతిలో ఒక పని ఉంటే విమానం ఎక్కారు. వాళ్ళ పిల్లలు లండన్‌కో టొరంటోకో పోవాలంటే మాత్రం ముందు ఒక గదిలో మాట్లాడి చూపించాలి.

ఐఈఎల్‌టీఎస్‌లో మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు. ఎదురుగా ఒక్క పరీక్షకుడు, పక్కన రికార్డింగు. మొదట ఊరు, ఇల్లు, చదువు లాంటి కుశలప్రశ్నలు. తర్వాత ఒక కార్డు చేతికిస్తారు. దానిమీద ఒక విషయం, కింద మూడు నాలుగు చిన్న ప్రశ్నలు. ఆలోచించుకోడానికి ఒక నిమిషం, రాసుకోడానికి కాగితం, పెన్సిలు. ఆపైన ఒకటి రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి. చివర అదే విషయం మీద పెద్ద ప్రశ్నలు. 'నువ్వు చూసిన మ్యూజియం గురించి చెప్పు' అనేది కోచింగుల్లో మళ్ళీ మళ్ళీ అరగదీసే కార్డు. ఎక్కడుంది, ఎప్పుడు పోయావు, ఏం చూశావు, ఎందుకు గుర్తుంది?

మార్కులు నాలుగింటికి: ధారాళంగా, పొందికగా మాట్లాడటం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. నాలుగూ సమానం. నీ అభిప్రాయం మంచిదా చెడ్డదా అన్నదానికి మార్కు లేదు. నువ్వు చెప్పింది నిజమా అన్నదానికీ లేదు. ఈ చివరి మాట పట్టుకునే కోచింగ్ సెంటర్లు బతుకుతున్నాయి. చూడకపోయినా ఫర్వాలేదు, కాగితం మీదున్నది అప్పజెప్పు అంటాయి. ఆ కాగితాల్లో సాధారణంగా రెండే మ్యూజియంలు. ఒకటి పారిస్‌లోని లూవ్ర్. రెండోది మన సాలార్‌జంగ్. కర్నూలు పిల్ల, నెల్లూరు పిల్లాడు, ఎన్నడూ నయాపూల్ దాటనివాళ్ళు కూడా సాలార్‌జంగ్‌నే బట్టీ పడతారు. బట్టీ జవాబుని పసిగట్టడానికి పరీక్షకులకు శిక్షణ ఉంటుందనే సంగతి వేరే. మా పేచీ ఆ కాగితం మీద ఏముందనే దానితో.

ఘనమైన వారసత్వం, నవాబుల వైభవం, కళ్ళు చెదిరే సంపద, ఒక్క మనిషి సేకరించిన అపురూప వస్తువులు. తిప్పి తిప్పి ఇవే. ముసుగు రెబెక్కా, సంగీత గడియారం, ముందు మెఫిస్టోఫిలిస్, వెనక మార్గరెట్టా ఉన్న చెక్క బొమ్మ. ఇక కథ ముగిసింది, ఏడు బ్యాండు ఇవ్వండి.

మాకు ఇందులో ఒక పాత వాసన తగులుతుంది. తెలుగు పాఠ్యపుస్తకంలో, తెలుగు సినిమాలో మేమున్నది రెండు వేషాల్లో. ఒకటి రజాకారు, రెండోది నవాబు. ఆ రెండో వేషాన్నే ఈ కాగితం ఇంగ్లీషులోకి మార్చింది. చెప్పేవాడు బార్కస్‌లో బండి మీద పళ్ళమ్మే మనిషి కొడుకు కావొచ్చు. పరుపులకు దూది ఏకే ఇంట్లో తెలుగే మాతృభాషగా పెరిగి, మసీదులో ఉర్దూ రాక నవ్వులపాలై, ఊళ్ళో 'తురకోళ్ళ పిల్ల' అని పిలిపించుకున్న దూదేకుల పిల్ల కావొచ్చు. ఆ రెండు నిమిషాలు ఇద్దరూ నవాబులే! బయటికొచ్చాక అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు పేరు చెప్పగానే తలుపు మూసుకునే మామూలు సాయిబులు.

నవాబుల్ని మేం నెత్తిన పెట్టుకోం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1912 నుంచి 1914 దాకా ఏడో నిజాం దగ్గర దివానుగా చేశాడు. పెళ్ళి చేసుకోలేదు. 1949 మార్చిలో పోయేదాకా వస్తువులు కొంటూనే ఉన్నాడు. కళ తెలిసినవాడే, కాదనం. ఆ కొనుగోళ్ళ డబ్బు జాగీరు ఊళ్ళ రైతుల శిస్తు. ఆ రైతుల్లో రెడ్డి, మాదిగ, దూదేకుల అందరూ ఉన్నారు. 1949 ఆగస్టులో జాగీర్దారీ రద్దయింది. 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతుల మీదుగా దివాన్ దేవిడీలో మ్యూజియం తెరిచారు. 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థ అయింది. 1968లో మూసీ ఒడ్డున దారుల్‌షిఫా దగ్గరి కొత్త భవనానికి మారింది. సామాన్లు భద్రం. అవి పుట్టి పెరిగిన దేవిడీని మాత్రం కూల్చేశారు, గేట్లు మిగిలాయి. వస్తువు మిగిలి ఇల్లు పోవడం గురించి ఏ కాగితంలోనూ ఒక్క వాక్యం లేదు. చెబితే 'ఎందుకు గుర్తుంది' అన్న ప్రశ్నకు అంతకంటే మంచి జవాబు ఏముంటుంది?

రెబెక్కా దగ్గర కాస్త ఆగాలి. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. రాయి రాయే, అయినా పల్చటి మేలిముసుగు వెనక ముఖం కనిపిస్తుంది. బైబిల్ కథలో ఆమె తన పెళ్ళికొడుకు ఇస్సాకును దూరం నుంచి చూసి ముసుగు వేసుకుంటుంది. ఆ ఇస్సాకే మాకు ఇస్‌హాక్ ప్రవక్త. అంటే ఆవిడ మాకూ పెద్దమ్మ వరసే. ఆ రాతి ముసుగు ముందు గుంపులు గుంపులుగా నిలబడి ఆహా అంటారు. మోడల్ జవాబు కూడా ఆ ముసుగు మీదే సగం విశేషణాలు ఖర్చు పెడుతుంది. 2022 మొదట్లో కర్ణాటకలో మా ఆడపిల్లల్ని తల మీద గుడ్డ ఉందని కాలేజీ గేటు దగ్గరే ఆపేశారు. మార్చి 15న అక్కడి హైకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. అక్టోబరులో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పు ఇచ్చారు. పాలరాతి ముసుగు కళ, నూలు ముసుగు నేరం. బురఖా మంచిదా చెడ్డదా అన్నది మా ఇళ్ళల్లో మా ఆడవాళ్ళు మాతో తగువుపడి తేల్చుకునే విషయం, ఆ తగువు నడుస్తూనే ఉంది. బురఖా వేసుకున్న పిల్ల ఎదురుగా కూర్చుని రెబెక్కా ముసుగు అందాన్ని బట్టీ మాటల్లో వర్ణిస్తుంటే ఆ పరీక్షకుడికి ఏమనిపిస్తుందో గానీ, మాకు గొంతులో ముల్లు దిగుతుంది. ఆ పిల్ల తన మాటల్లో మాట్లాడితే ఆ గదిలో వినదగిన మాట ఒకటి పుడుతుంది.

తన మాటలంటే ఇంగ్లీషు ఎక్కడ దొరుకుతుంది, పాన్‌దాన్‌ని ఇంగ్లీషులో ఏమంటారు అని పిల్లలు భయపడతారు. ఏమీ అనరు. అనాల్సిన పనీ లేదు. మూతపెట్టిన ఒక గుండ్రటి పెట్టె, లోపల చిన్నచిన్న గిన్నెలు, ఒకదాంట్లో సున్నం, ఒకదాంట్లో కాచు, ఒకదాంట్లో వక్కలు, ఇంటికి ఎవరొచ్చినా మా నానీ ముందు దాన్నే తెరిచేది. ఇంతే చెప్పాలి. తెలియని మాటను తెలిసిన మాటలతో చుట్టి చెప్పగలగడం ఆ పరీక్షలో పదసంపద కింద లెక్కకొచ్చే గుణమే. బీదరీ పనిని కూడా ఇలాగే చెప్పొచ్చు. నల్లబరిచిన లోహంలో వెండి తీగ పొదిగిన హుక్కా అడుగులు, పాన్‌దాన్‌లు సాలార్‌జంగ్‌లో అద్దాల వెనక వరసగా ఉన్నాయి. బీదరు 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఊరే. ఆ పనివాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, వాళ్ళ సుత్తి చప్పుడు ఇంకా ఆగలేదు. కోచింగ్ కాగితం బీదరీని వదిలేసి గడియారం దగ్గరికి పరిగెడుతుంది. గంట గంటకీ గడ్డపు బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే ఆ గడియారం కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీది. మా పిల్లలూ దాని కింద నోరు తెరిచి నిలబడినవాళ్ళే, దాన్ని తక్కువ చెయ్యం. ఇంగ్లీషువాడి గడియారాన్ని ఇంగ్లీషువాడికే వర్ణించి మార్కులడగడం మాత్రం కొంచెం నవ్వు తెప్పిస్తుంది.

నవ్వు రాని సంగతి ఇంకొకటుంది. ఈ పరీక్ష గెలిచి లండన్ చేరినవాడు అక్కడి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో టిప్పు పులిని చూస్తాడు. తెల్ల సిపాయిని కొరుకుతున్న చెక్క పులి, 1799లో శ్రీరంగపట్నం పడినప్పుడు ఎత్తుకుపోయింది. బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి స్తూపం పాలరాళ్ళను చూస్తాడు. అవి బౌద్ధులవి, ఒకప్పటి గుంటూరు జిల్లావి, కాబట్టి మావి కూడా. అంతదాకా ఎందుకు, నిజాం నగలు 173ను భారత ప్రభుత్వం 1995లో 218 కోట్లకు కొన్నది. అవి ముంబయిలో రిజర్వు బ్యాంకు లాకర్లో ఉంటున్నాయి. సాలార్‌జంగ్‌కి 2001లో, 2006లో చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళాయి. వస్తువు ఎవరిది, ఎక్కడుండాలి అన్న ప్రశ్నను మూడో భాగంలో పరీక్షకుడు అడగకపోయినా మనవాడు ఎత్తొచ్చు. ఎత్తితే మార్కు తగ్గదు.

మ్యూజియంని మావాళ్ళు అజాయబ్ ఘర్ అన్నారు, వింతల ఇల్లు అని. మా దగ్గర వస్తువును దాచే ఇంకో పద్ధతి ఉంది, దానికి మ్యూజియమని పేరు లేదు. తెలంగాణ ఊళ్ళలో పీర్లు ఏడాదంతా పెట్టెలో ఉంటాయి. మొహర్రం పది రోజులు బయటికొస్తాయి. గొల్లలు, మాదిగలు, సాయిబులు ఎత్తుకుంటారు, ఉరుకుతారు, గుండం చుట్టూ అసోయ్ దూలా ఆడతారు, మళ్ళీ పెట్టెలో పెడతారు. హైదరాబాదులో 1590ల నాటి బాద్‌షాహీ అషూర్‌ఖానాలో రంగురంగుల పలకల గోడ ముందు అలంలు నిలబెడతారు. 1908 మూసీ వరదలో ఆ పలకలు కొన్ని పోతే ఆ జాగాలో రంగు పూశారు. ఆ అతుకు ఇప్పటికీ కనిపిస్తుంది. అక్కడ వస్తువుకూ మనిషికీ మధ్య అద్దం లేదు, ఏడుపు ఉంది. ఇవన్నీ కార్డు మీదున్న ప్రశ్నకి సరిగ్గా అతకవని కోచింగ్ మాస్టరు అంటాడు. చివరి భాగంలో, వస్తువుల్ని ఎలా కాపాడుకోవాలి అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఇంతకంటే అతికేది లూవ్ర్‌లో కూడా దొరకదు.

అదే చివరి భాగంలో, మ్యూజియంలకు టికెట్టు ఉండాలా, అందరికీ ఉచితంగా తెరవాలా అని కూడా అడుగుతుంటారు. జవాబులన్నీ ఒకే అచ్చు: ఉచితమైతే పేదలు కూడా వస్తారు, టికెట్టుంటే నిర్వహణ బాగుంటుంది, రెండింటికీ మధ్యలో ఉంటే మంచిది. మా పిల్లలు ఇంకొక మాట చెప్పొచ్చు. సాలార్‌జంగ్ వారపు సెలవు శుక్రవారం. పాతబస్తీలో జుమ్మాకి మూతపడే కార్ఖానాలు ఎన్నో. జరీ పనివాడికి, గాజుల పనివాడికి, దర్జీకి చేతిలో పనిలేని ఆ ఒక్క రోజున, తన గల్లీకి నడక దూరంలో ఉన్న ఆ పెద్ద గేటుకి తాళం ఉంటుంది. నమాజు చదువుకుని, పిల్లల వేలు పట్టుకుని మూసీ గట్టున తిరిగి ఇంటికి పోతాడు. టికెట్టా ఉచితమా అన్నది అతని దాకా రానేలేదు.