తలుపు గుర్తు ఏది?

భవనమును రివిట్ అను కంప్యూటరు సాధనముతో రచించినపుడు ప్రతి తలుపునకును ఆకారముతోపాటు కొలతలు, పదార్థము, నిప్పునకు తాళు సమయము వంటి వివరములు అంటియుండును. రివిట్ లేనివారును వానిని వెబ్ ద్వారా రాబట్టుకొనుటకు ఆటోడెస్క్ సంస్థ మోడల్ డెరివేటివ్ ఏపీఐని ఏర్పరచినది. నమూనాను మొదట అనువదింపజేసి, పిమ్మట అందలి వస్తువుల గుణములను అడుగవలెను. ఏర్పాటు మెచ్చదగినదే.

చిక్కు గుర్తులలో నున్నది. జవాబులో ప్రతి వస్తువునకును ఆబ్జెక్ట్ ఐడి, ఎక్స్‌టర్నల్ ఐడి అని రెండు వచ్చును. మొదటిది చిన్న అంకె, వాడుకకు సులభము. కాని నమూనాను మరల అనువదించిన మారవచ్చును. రెండవది పొడుగు, చూపునకు వికారము, అయినను స్థిరము. (బడిలో రోల్ నంబరు, అడ్మిషన్ నంబరు వంటివే ఇవి.) తనిఖీ ఫలితమును మొదటిదానిపై వ్రాసియుంచినచో, నమూనా సవరించిన మరునాడు ఒక తలుపు యోగ్యత వేరొక తలుపునకు చెందగలదు. సంస్థవారి వివరణ పత్రములలో ఈ హెచ్చరిక కలదు, జవాబులో లేదు. నిలకడలేని అంకెకు ‘వస్తువు గుర్తు’ అని పేరిడుట పొరపాటే.