చేతితెర అలంకారము – తెలుగక్షరము

నేడు చేతిఫోను మనవారి చేతులలో పుస్తకముకంటె నెక్కువసేపు నిలుచుచున్నది. గ్రంథముల ముఖచిత్రములను, గోడపత్రికలను విమర్శించు మనము, దినమున కెన్నియో పర్యాయములు చూచు ఈ తెరను మాత్రము విమర్శకు వెలియని విడుచుట తగదు. దాని రూపమును మార్చు సాధనములను తెలుగు చదువరి పక్షమున పరిశీలించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఈ సాధనములు స్థూలముగా నాలుగు తెరగులు. లాంచరు ముంగిటి తెర అమరికను మార్చును. ఐకాన్ ప్యాకు గుర్తుబొమ్మలను మార్చును. విడ్జెట్ సాధనము గడియారము, తేది మున్నగువానిని కోరిన రీతిని కూర్చుకొననిచ్చును. ఫాంటు మార్పిడి అక్షరరూపమును మార్చును. 2011లో వెలువడిన నోవా లాంచరు మొదటి తెగకును, కె.డబ్ల్యు.జి.టి. మూడవ తెగకును ప్రసిద్ధోదాహరణములు.

క్రమముగా ఫోను వ్యవస్థలను నిర్మించువారే ఈ పనికి పూనుకొనిరి. 2017లో ఆండ్రాయిడ్ 8 ఐకానును రెండు పొరలుగా గీయు పద్ధతిని తెచ్చెను. ఒక్కొక్క పొర 108 ప్రమాణముల చదరము. అందు నడిమి 72 ప్రమాణములే కంటి కగపడును. తక్కినది అంచుల ఆకృతికిని, కదలికకును విడువబడినది. 2021లో ఆండ్రాయిడ్ 12 వెనుకచిత్రమునుండి వన్నెలను గ్రహించి తెరకు పూయనేర్చెను. మరుసటి యేట ఆండ్రాయిడ్ 13 ఇతరుల ఐకానులను గూడ ఆ వన్నెలోనికి తేగలిగెను. ఆపిల్ వారును 2020లో విడ్జెట్లను ముంగిటి తెరపై నిలుపనిచ్చి, 2024లో ఐకానుల రంగు మార్చుకొననిచ్చిరి.

వీనియందలి గుణమును మొదట చెప్పవలయును. కర్మాగారమునుండి ఒకే వేషమున వచ్చిన వస్తువును సామాన్యుడు తన అభిరుచి ననుసరించి తీర్చుకొనుట చిన్న విషయము కాదు. ముగ్గు వేయుటలో మన స్త్రీలు చూపు స్వాతంత్ర్యమే ఇందును గలదు.

అయిన నలంకారమునకు కొలత యేది? 11వ శతాబ్దమున క్షేమేంద్రుడు ఔచిత్యమును కావ్యమునకు ప్రాణముగా ప్రతిపాదించెను. అత్తరు మేలైనదే, అన్నములో పోసికొనము గదా! ఈ కొలతకు నిలిపిచూడగా రెండు లోపములు పొడగట్టును.

మొదటిది వర్ణైక్యము. ఐకానులన్నియు ఒకే వన్నె దాల్చినప్పుడు తెర కందము వచ్చుట నిజమే. కాని అక్షరములు రాని మన పెద్దలకు రంగే అక్షరము. ఆకుపచ్చనిది బిడ్డలతో మాటాడుటకు, ఎఱ్ఱనిది పాటలు చూచుటకు అని వారు గుర్తించుకొందురు. మనుమడు ముచ్చటపడి పూసిన ఒక్క పూతతో అవ్వ నేర్చిన చదువంతయు చెరిగిపోవును. ఐక్యము భేదమును మ్రింగినచో నది సౌందర్యము కాదు, మరుగు.

రెండవది మనకు మరింత ముఖ్యమైనది: అక్షరోపేక్ష. ఫాంటు మార్పిడికై లభించువానిలో పెక్కింటి యందు రోమనక్షరములే గలవు. అట్టిదానిని ఎన్నుకొన్నప్పుడు, అందు లేని తెలుగక్షరమును వ్యవస్థ తన మూలఫాంటునుండి తెచ్చుకొనును. ఫలితముగా ఇంగ్లీషు పేరు పట్టుచీర కట్టగా, ప్రక్కనున్న తెలుగు పేరు పాత బట్టతోనే నిలుచును. 2014లో ఆండ్రాయిడ్ 5 నాటికే తెలుగు తెరభాషలలో చేరియుండగా, అలంకారమున మాత్ర మీ భేద మేల?

ఇంతేకాక తెలుగక్షరము మేడవంటిది. ‘స్త్రీ’ అని వ్రాయగా గుడి పైకెక్కును, వత్తులు క్రిందికి దిగును. రోమను లిపి కొలతతో గీసిన గడిలో ఈ మేడ పట్టదు. ఐకాను క్రింది పేళ్లలో వత్తులు కోతపడుట, పదము సగములో చుక్కలై ముగియుట నేను పలుమారు చూచితిని. కోతపడిన వత్తు వత్తు కాదు, పదమే మారును.

అక్షరమును గీయుట ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో లోకము చూచినది. కంటి కగపడని విభాజకచిహ్నముతో కూర్చిన ‘జ్ఞా’ అను ఒక్క అక్షరమును చూపబోయి, ఐ.ఓ.యస్. 11.2.5 గల ఐఫోనులలో ఉత్తరప్రత్యుత్తరముల సాధనములు కుప్పకూలినవి. ఆ నెల 19వ తేదిని 11.2.6 తో ఆపిల్ వారు దానిని సవరించిరి. పత్రికలు నవ్వులాటగా వ్రాసిన ఈ ఉదంతము మనకొక పాఠము. పరాయి లిపి కొలతలతో అలవాటుపడిన యంత్రమునకు మన సంయుక్తాక్షరము అపరిచితము.

మేలి ఉదాహరణమును గలదు. 2024లో ఐ.ఓ.యస్. 18 తాళపుతెర గడియారమున తెలుగంకెలను చేర్చెను. కర్ణాటకమున మా పిల్లలు బస్సుల పలకలపై కన్నడ అంకెలను చూచి నేర్తురు. వాని తోబుట్టువులైన ౧, ౨, ౩ లను ఎరుగరు, పాఠ్యపుస్తకములలో కూడ 1, 2, 3 లే యుండుటచేత. ఒక్క గడియారము దినమెల్ల ఆ పాఠము చెప్పగలదు. ఇదియే ఉచితాలంకారము: చూపున కింపు, బుద్ధికి లాభము.

మనచేతనైన పనియు గలదు. కె.డబ్ల్యు.జి.టి. వంటి సాధనము మన మిచ్చిన ఫాంటును స్వీకరించును. సిలికానాంధ్రవారి పూనికతో వెలువడిన రామభద్ర, మల్లన్న, గిడుగు మున్నగు ఫాంటులు వెల లేక లభించుచున్నవి. వానితో తేదిని, వారమును, బిడ్డ పేరును తెలుగున కూర్చి ముంగిటి తెరపై నిలుపుట కొక గంట చాలును.

ప్రవాసాంధ్రుల పిల్లలకు వీధిలో తెలుగు పలక కనబడదు. బడిలో వారమునకు కొన్ని గంటలే. కంటి కెదుట ఎల్లవేళల నుండునది ఈ తెర యొక్కటే. దానిపై కూడ తెలుగు లేకున్నచో వారి దృష్టిలో తెలుగు పరీక్షపత్రమునకే పరిమితమైన లిపియగును. కావున రంగులకుముందు అక్షరము నడుగుడని తలిదండ్రులకును, వత్తునకు చోటు విడిచి గడి గీయుడని ఈ సాధనములను నిర్మించు మన యువకులకును సవినయముగా మనవి చేయుచున్నాను.